గిండీ కాలేజీ వయసెంత? తాతయ్యగారి సర్టిఫికెట్ మీద వేరే పేరెందుకుంది?

ప్రశ్న: మా తాతయ్య 1951లో మద్రాసు గిండీ కాలేజీలో బీఈ సివిల్ పూర్తి చేశారు. ఆయన పోయాక బీరువా సర్దుతుంటే సర్టిఫికెట్ దొరికింది. దాని మీద మద్రాస్ యూనివర్సిటీ అని ఉంది. అన్నా యూనివర్సిటీ అన్న మాటే లేదు. గిండీ దేశంలోకెల్లా మొదటి ఇంజనీరింగ్ కాలేజీ అని మా మామయ్య అంటారు. మా సార్ మాత్రం కాదు, రూర్కీ మొదటిది అంటారు. ఏది నిజం? అసలు కోస్తావాళ్ళు, సీమవాళ్ళు అంత దూరం వెళ్ళి అక్కడే ఎందుకు చదివారు?

సమాధానం:

ముందు సర్టిఫికెట్ సంగతి. టెన్షన్ పడకండి, అది అసలైనదే. అన్నా యూనివర్సిటీ పుట్టిందే 1978 సెప్టెంబర్ 4న. 1951 నాటి సర్టిఫికెట్ మీద ఆ పేరుంటే అప్పుడు అనుమానపడాలి. మద్రాస్ యూనివర్సిటీ 1857లో మొదలైంది, రెండేళ్ళకే ఈ కాలేజీ దానికి అనుబంధమైంది. అప్పటినుంచి 1978 దాకా గిండీలో ఎవరు చదివినా డిగ్రీ ఇచ్చింది మద్రాస్ యూనివర్సిటీయే.

నేను కాకినాడలో బీఈ చేసి, 1979లో ఎంఈ హైడ్రాలిక్స్ కోసం గిండీలో చేరాను. అప్పటికి కొత్త యూనివర్సిటీకి ఏడాది కూడా నిండలేదు. పేరేమో పేరరింజర్ అణ్ణా యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ. అప్లికేషన్ ఫారంలో గడి చాలక నేను రెండో లైన్లోకి దించి రాశాను. 1982లో కుదించి అన్నా యూనివర్సిటీ చేశారు. మెస్‌లో, ఆటోవాళ్ళ దగ్గర మాత్రం ఏ పేరూ అక్కర్లేదు, "గిండీ కాలేజీ" అంటే చాలు. తర్వాత ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను కాబట్టి ఈ కాలేజీల పుట్టుపూర్వోత్తరాల మీద కాస్త పిచ్చి పట్టింది. అందుకే ఈ పొడుగు జవాబు.

ఇక మీ మామయ్య, మీ సార్ ఇద్దరూ తప్పు చెప్పలేదు. ఏది లెక్కపెడుతున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. గిండీ మూలం 1794లో మద్రాసు కోట దగ్గర పెట్టిన సర్వే స్కూలు. అది ఆగకుండా సాగుతూ 1858లో సివిల్ ఇంజనీరింగ్ స్కూలు, మరుసటి ఏడాది కాలేజీ అయింది. రూర్కీ అలా కాదు. గంగా కాలువ తవ్వడానికి మనుషులు కావాల్సి వచ్చి 1847లో మొదటినుంచీ సివిల్ ఇంజనీరింగ్ చెప్పే కాలేజీగానే పెట్టారు. పుణె 1854, కలకత్తా దగ్గర శిబ్‌పూర్ 1856. కాబట్టి వయసులో గిండీ పెద్దది, ఇంజనీరింగ్ చెప్పడంలో రూర్కీ ముందు. నన్నడిగితే ఈ పోటీ కంటే ఆ సర్వే స్కూలు ఎందుకు పెట్టారన్న కథే బాగుంటుంది. మన వైపు ఊళ్ళు, నదులు అందులో చాలానే ఉన్నాయి.

ఆ స్కూలు పెట్టించినాయన మైకేల్ టాపింగ్. ఈస్టిండియా కంపెనీలో తీరప్రాంత సర్వేయర్, ఖగోళ శాస్త్రం తెలిసిన మనిషి. 1780ల్లో మచిలీపట్నం నుంచి కలకత్తా దాకా తీరం కొలిచాడు. కోరంగి రేవు కొలిచాడు. 1791-92 కరువు సర్కారు జిల్లాలను పీల్చిపిప్పి చేసినప్పుడు గోదావరి, కృష్ణ నీళ్ళు సముద్రంపాలవుతుంటే పక్కనే జనం చావడమేమిటన్న ప్రశ్న కంపెనీ వాళ్ళకీ వచ్చింది. ఆ నీళ్ళు పొలాలకు మళ్ళుతాయా లేదా చూడమని టాపింగ్‌నే డెల్టా లెవెళ్ళు, అంటే నేల ఎత్తుపల్లాలు, తీయడానికి పంపారు. కాటన్ ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టడానికి యాభై ఏళ్ళకు పైగా ముందుమాట ఇది.

కొలవాల్సిన నేల కొండంత, కొలిచేవాళ్ళు గుప్పెడు. 1792లో టిప్పు సుల్తాన్ దగ్గర లాక్కున్న ప్రాంతాలు కూడా వచ్చిపడ్డాయి. శిస్తు వేయాలంటే భూమి ఎంతుందో తెలియాలి. ఇంగ్లండు నుంచి సర్వేయర్లను రప్పిస్తే జీతాలకే ఖజానా ఖాళీ. ఇక్కడి పిల్లలకే నేర్పుదామని టాపింగ్ అడిగాడు. అలా 1794 మేలో ఎనిమిది మంది కుర్రాళ్ళతో స్కూలు తెరిచారు.

ఎవరా ఎనిమిది మంది? మద్రాసులో సైనికుల అనాథ పిల్లల కోసం ఎగ్మూరులో ఒక ఆశ్రమం ఉండేది. తండ్రి తెల్ల సిపాయి, తల్లి ఇక్కడి మనిషి, ఇద్దరికీ కాకుండా పోయిన పిల్లలు. స్కూలుకి వాళ్ళనే తీసుకున్నారు. ఆ ఆశ్రమం నడిపింది ఆండ్రూ బెల్. ముందు నేర్చుకున్న పిల్లాడు వెనక పిల్లలకు చెప్పే పద్ధతి ఆయన అక్కడ పెట్టాడు. తర్వాత ఇంగ్లండులో దానికి మద్రాస్ పద్ధతి అని పేరొచ్చింది. వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, ఆశ్రమంలోనూ ఇసుక పోయించాడట. మన ఓనమాలు నేర్పిన ఇసుకే! ఆ ఇసుకలో దిద్దిన పిల్లలే తర్వాత గొలుసులు పట్టుకుని నేల కొలిచారు. 1802లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ బేస్‌లైన్, అంటే లెక్కలన్నిటికీ ఆధారమైన మొదటి గీత, కొలిచి దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టే మహా సర్వే మొదలుపెట్టినప్పుడు, ఆయన వెంట నడిచిన సహాయకుల్లో ఈ స్కూలు కుర్రాళ్ళున్నారు. ఆ కొండకీ ఇప్పటి గిండీ క్యాంపస్‌కీ నాలుగైదు కిలోమీటర్ల దూరం. కాలిన్ మెకంజీ దత్తమండలాలు, అంటే నేటి సీమ జిల్లాలు, సర్వే చేయించినప్పుడు కూడా క్షేత్రంలో తిరిగింది ఎక్కువగా వీళ్ళే. పేర్లు మాత్రం దొరల పేర్లే మిగిలాయి.

టాపింగ్ తన స్కూలు ఎదగడం చూడలేదు. 1796 జనవరిలో జ్వరంతో మచిలీపట్నంలోనే పోయాడు. ఆయన శిష్యుడు జాన్ గోల్డింగ్‌హామ్ స్కూలుని, నుంగంబాక్కంలోని అబ్జర్వేటరీని రెండింటినీ చూసుకున్నాడు. అది చాలనట్టు ఇప్పుడు రాజాజీ హాల్ అంటున్న విందు మందిరం డిజైన్ కూడా చేశాడు. అప్పట్లో ఒక మనిషికి మూడు ఉద్యోగాలు మామూలే.

ఆ అబ్జర్వేటరీలో 1792లో నిలబెట్టిన గ్రానైట్ స్తంభం ఇప్పటికీ నుంగంబాక్కం వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. పరికరాన్ని దాని మీద కదలకుండా నిలపడానికి అంత బరువు రాయి కావాల్సి వచ్చింది. దాని మీద లాటిన్‌తో పాటు తమిళంలో, తెలుగులో కూడా చెక్కారు. ఎంఈ చదివేటప్పుడు ఒక మిత్రుడి పరిచయంతో లోపలికి వెళ్ళి చూశాను. ఎండకీ వానకీ అరిగిన అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. మద్రాసు నడిబొడ్డున రెండు వందల ఏళ్ళనాటి తెలుగు రాయి మీద కనబడితే, మనకీ ఈ ఊరికీ ఎంత పాత లెక్కలున్నాయో తెలిసొచ్చింది.

తర్వాత యాభై ఏళ్ళు స్కూలు సర్వేయర్లను తయారుచేస్తూ నెమ్మదిగా సాగింది. మలుపు మళ్ళీ మన నదుల వైపు నుంచే వచ్చింది. డొక్కల కరువు తర్వాత ఆర్థర్ కాటన్ గోదావరి మీద 1847లో పని మొదలుపెట్టి 1852కి ఆనకట్ట ముగించాడు. వెంటనే బెజవాడ దగ్గర కృష్ణ మీద పని, అది 1855కి అయింది. ఆనకట్ట కట్టడం ఒక ఎత్తు, దాని కింద వందల మైళ్ళ కాలువలు, లాకులు, తూములు, కాలువని వాగుల మీదుగా దాటించే అక్విడక్టులు కట్టి కాపాడుకోవడం ఇంకో ఎత్తు. మద్రాస్ ఇంజనీర్ల దళం నుంచి వచ్చే మిలిటరీ ఆఫీసర్లు ఎంతమందని? కిందిస్థాయిలో లెవెల్ తీయడం, ఎస్టిమేటు వేయడం, పని కొలిచి బిల్లు రాయడం తెలిసిన ఓవర్సీర్లు ఎక్కడ? మద్రాసు ప్రభుత్వం వేసిన పబ్లిక్ వర్క్స్ కమిషన్ 1850ల మొదట్లో ఈ మనుషుల కొరతనే ఎత్తిచూపింది. ఆ కమిషన్‌లో కాటన్ తమ్ముడు ఫ్రెడరిక్ కూడా సభ్యుడు. అలా సర్వే స్కూలు కాస్తా ఇంజనీరింగ్ కాలేజీ అయింది, పక్కనే పీడబ్ల్యూడీ, అంటే ప్రభుత్వ నిర్మాణ పనుల శాఖ, పుట్టింది.

పక్కనే అన్నది మాటవరసకి కాదు. కాలేజీని 1862లో చేపాక్కంలో ఆర్కాట్ నవాబు మహలు భాగమైన కలస మహల్‌కి మార్చారు. పీడబ్ల్యూడీ పెద్దాఫీసు కూడా ఆ ఆవరణలోనే. చదువు ఒక గుమ్మం, ఉద్యోగం పక్క గుమ్మం. డిగ్రీ క్లాసు చిన్నది, దాని కింద సబార్డినేట్ క్లాసులు, డ్రాఫ్ట్స్‌మన్ క్లాసులు, సర్వే క్లాసులు ఉండేవి. నిజానికి చాలా ఏళ్ళు ఆ కింది క్లాసులే కాలేజీని నిలబెట్టాయి. మన జిల్లాల్లో పాత ఓవర్సీర్ల ఇళ్ళలో తాళపత్రాల పక్కన ఎస్టిమేటు పుస్తకాలు కనబడేవంటే కారణం అదే.

ఆ తర్వాత ప్రతి బ్రాంచికీ బయట ఒక పని కనిపిస్తుంది. రైళ్ళు, వర్క్‌షాపులు పెరిగాక 1894లో మెకానికల్ పెట్టారు, అది దేశంలోనే మొదటిది అంటారు. నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం కడుతున్న రోజుల్లో, 1930లో ఎలక్ట్రికల్ వచ్చింది. యుద్ధం చివర్లో 1945లో టెలికమ్యూనికేషన్, హైవేలు. కాలేజీ ముందు, పని తర్వాత అన్నది ఎక్కడా జరగలేదు. ఇప్పుడు కొందరు ముందు కోర్సు పెట్టి తర్వాత ఉద్యోగం ఎక్కడుందో వెతుక్కుంటున్నారు, అదీ తేడా.

చేపాక్కంలో చోటు చాలక 1920లో ఊరి బయట గిండీకి మారారు. అడయారు నది పక్కన ఎర్ర ఇటుకల పెద్ద భవనం, లోపల పొడుగాటి వరండాలు, ఎత్తయిన కప్పులు. ఏప్రిల్ ఎండలో కూడా లోపల చల్లగా ఉండేది. నాకు అక్కడ బాగా గుర్తున్నది సర్వే స్టోర్. టేకు పెట్టెల్లో మఖమలు గుడ్డ పరిచి పెట్టిన కోణాలు కొలిచే పాత ఇత్తడి థియోడలైట్లు, వాటి మీద లండన్ తయారీదారుల పేర్లు. స్టోర్ అటెండరు ఒక పెద్దాయన. పెట్టె ఎత్తగానే బరువు బట్టి లోపల ఏ పరికరముందో చెప్పేసేవారు. లెక్చరర్లు కూడా పరికరం సరిచేయాలంటే ఆయన్నే పిలిచేవారు.

సర్వే అనగానే ఒకటి చెప్పాలి. సర్వే ప్రాక్టికల్స్‌లో ఒక చోట మొదలై తిరిగి అక్కడికే రావాలి, లెవెళ్ళు కూడా తిరిగి అంతే రావాలి. ఎప్పుడూ రాదు. కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తుంది, దాన్ని క్లోజింగ్ ఎర్రర్ అంటాం. మా బీఈ రోజుల్లో రెండు కిలోమీటర్ల చుట్టు తిరిగితే మాకు అరడుగు తేడా వచ్చింది. చీకటి పడిపోతోంది, మళ్ళీ తిరిగే ఓపిక లేదు. మా గ్రూపులో తెలివైనవాడు పుస్తకంలో మధ్య రీడింగులు నాలుగు సర్దేశాడు. దీనికి మా భాషలో "కుక్ చేయడం" అని పేరు. మర్నాడు సార్ పుస్తకం చూసి, ఒక్క మాటా తిట్టకుండా, "ఇంత సరిగ్గా సరిపోయిన లెవెల్ బుక్కు ఇరవై ఏళ్ళలో చూడలేదు" అని తిరిగిచ్చేశారు. సరిగ్గా సున్నా తేడా వేశాం మరి! ఆ సాయంత్రం నలుగురం మళ్ళీ స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకుని తిరిగాం. మీ తాతయ్యగారు కూడా ఇలాంటి కథలు చెప్పే ఉంటారు. చెప్పకపోతే దాచారనుకోండి.

ఇక మన వాళ్ళు అక్కడికే ఎందుకు వెళ్ళారంటే, వేరే దారి లేదు కాబట్టి. కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో వచ్చినా మొదట్లో ఇంజనీరింగ్ లేదు. నిజాం ప్రాంతం వాళ్ళకి 1929లో ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, అక్కడ ఉర్దూ మాధ్యమం. సర్కారు జిల్లాల కుర్రాడికి మద్రాస్ మెయిల్ ఎక్కడమే దారి.

అలా ఎక్కినవాళ్ళలో ఇద్దరి గురించి కాస్త ఆగి చెప్పాలనిపిస్తుంది. ఒకరు కానూరి లక్ష్మణరావు, కంకిపాడు మనిషి. చిన్నప్పుడు ఆటలో దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది. గిండీలో బీఈ చేసి, 1939లో అక్కడే రీసెర్చ్ మీద మాస్టర్స్ డిగ్రీ తీసుకున్నారు, ఆ పద్ధతిలో ఆ డిగ్రీ వచ్చిన మొదటి మనిషి ఆయనే అంటారు. తర్వాత బర్మింగ్‌హామ్‌లో పీహెచ్‌డీ. కేంద్రంలో డిజైన్ల చీఫ్ ఇంజనీరుగా ఉన్నప్పుడు నాగార్జునసాగర్ పని ఆయన చేతుల మీదుగా నడిచింది. ఆ డ్యాం కాంక్రీటుతో కాకుండా రాతి కట్టడంగా కట్టారు కాబట్టే యంత్రాలు తక్కువున్న రోజుల్లో వేలమంది కూలీలకు పని దొరికింది. నేను హైడ్రాలిక్స్ తీసుకోవడానికి కారణం కూడా సాగర్ స్పిల్‌వే మీద నీళ్ళు దూకడం చిన్నప్పుడు చూడటమే. తర్వాత విజయవాడ ఎంపీ, కేంద్ర నీటిపారుదల, విద్యుత్ మంత్రి. పులిచింతలకి ఆయన పేరే పెట్టారు.

రెండోది ఎ. లలిత. ఈవిడ సంగతి తెలుగువాళ్ళకే ఎక్కువ తెలియదు, బాధగా ఉంటుంది. మద్రాసులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. లలితకి పదిహేనేళ్ళకే పెళ్ళయింది. పద్దెనిమిదేళ్ళకి భర్త పోయాడు. అప్పటికి పాప వయసు నాలుగు నెలలు. ఆ రోజుల్లో విధవ అంటే ఇంట్లో ఎలా ఉంచేవారో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. తండ్రి అలా వదల్లేదు. డాక్టరు చదివితే వేళాపాళా లేని డ్యూటీలు, పాప ఉంది కదా అని ఇంజనీరింగ్ ఎంచుకున్నారు. ప్రిన్సిపాల్ కె.సి. చాకో, విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ ఒప్పుకోవడంతో 1940లో ఆవిడకి సీటు వచ్చింది. వందలమంది మగపిల్లల మధ్య ఒక్క అమ్మాయి. ఆవిడ ఒంటరిగా ఉండకూడదని కాలేజీ ఆడపిల్లలకి సీట్లని ప్రకటన ఇస్తే లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. ముగ్గురూ కలిసే డిగ్రీ తీసుకున్నారు. యూనివర్సిటీ సర్టిఫికెట్లలో "అతడు" అని ముందే అచ్చేసి ఉండేది. వీళ్ళ కోసం ఆ మాట కొట్టేసి చేత్తో "ఆమె" అని రాసి ఇచ్చారు.

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్ చేసి, సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో చేరారు. 1948 నుంచి కలకత్తాలో ఏఈఐ కంపెనీలో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్ చేశారు, భాక్రా నంగల్‌కి కూడా. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్ళారు. మీ తాతయ్యగారు చేరేనాటికి ఆవిడ కాలేజీ వదిలి ఎంతో కాలం కాలేదు. పేరు విని ఉండొచ్చు.

యుద్ధం ముగిసే నాటికి ఒక్క గిండీ చాలదని తేలిపోయింది. 1946లో మద్రాసు ప్రభుత్వం తెలుగు జిల్లాలకి రెండు కాలేజీలిచ్చింది. ఒకటి అనంతపురం కాలేజీ, దాని తొలి క్లాసులు గిండీలోనే జరిగాయి. 1948లో అనంతపురంలో ఖాళీగా ఉన్న మిలిటరీ శానటోరియం షెడ్లలోకి తరలించారు. రెండోది విశాఖపట్నం కాలేజీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో మొదలై కాకినాడ వచ్చేసింది. ఊరు మారినా కొంతకాలం పేరు మారలేదు. కాకినాడలో ఉన్న వైజాగ్ కాలేజీ అన్నమాట. ఇక్కడి తొలి లెక్చరర్లలో చాలామంది గిండీ మనుషులే, సిలబస్ గిండీది, లేబ్ మాన్యువళ్ళు గిండీవి. నేను కాకినాడలో చదివిన ప్రాక్టికల్ ప్రశ్నలే ఎంఈకి వెళ్ళినప్పుడు గిండీ లేబ్ బోర్డు మీద అదే వరుసలో కనిపిస్తే నవ్వొచ్చింది.

1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక గిండీ మనకి పొరుగు రాష్ట్రం కాలేజీ అయింది. అయినా చిత్తూరు, నెల్లూరు పిల్లలకి మద్రాసే దగ్గర. అలా వెళ్ళినవాళ్ళలో శ్రీకాళహస్తిలో చదివిన రైతు కుటుంబం కుర్రాడొకరు 1958లో సివిల్ చేసి బయటికొచ్చారు. కాటూరు ఊరి రాజ్‌రెడ్డి. ఆయన చదివే రోజుల్లో గిండీలో కంప్యూటరే లేదు. ఐబీఎం 1620 వచ్చింది 1960ల్లో. ఆస్ట్రేలియా వెళ్ళాకే ఆయనకి కంప్యూటర్ చేతికొచ్చింది. అక్కడినుంచి స్టాన్‌ఫర్డ్, ఆపైన కార్నెగీ మెలన్. మనిషి మాటని యంత్రం అర్థం చేసుకునే పనికి 1994లో కంప్యూటర్ రంగంలో పెద్ద బహుమతి ట్యూరింగ్ అవార్డు, ఆసియా నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటి వ్యక్తి. 2008లో పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లల కోసం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు దాని వెనక ఉన్నదీ, మొదటి ఛాన్సలరూ ఆయనే. అనాథ పిల్లల్ని తెచ్చి సర్వే నేర్పిన స్కూలు నుంచి వచ్చినాయన పల్లె పిల్లల్ని తెచ్చి కంప్యూటర్ నేర్పించారు. ఇందులో నాకు ఏదో వరుస కనిపిస్తుంది, మీకు కనబడకపోయినా ఫర్వాలేదు.

1959లో గిండీ పక్కనే ఐఐటీ వచ్చింది, అదే రోడ్డు మీద. జర్మన్ల డబ్బు, కొత్త లేబులు. దేశమంతటి నుంచి పిల్లలు అటు వెళ్ళడం మొదలైంది. గిండీ మెల్లగా తమిళనాడు పిల్లల కాలేజీ అయింది. ఇది చిన్నతనం అనుకోను. వాళ్ళ రాష్ట్రంలో ఆనకట్టలు, కరెంటు, రోడ్లు నడిపిన మనుషులు అక్కడినుంచే వచ్చారు. కానీ మా బ్యాచ్‌లో తెలుగువాళ్ళం ముగ్గురమే, పాత గ్రూపు ఫోటోలు చూస్తే వరుసలకు వరుసలు మన ఇంటిపేర్లే.

యూనివర్సిటీ సంగతి త్వరగా చెప్పేస్తాను. మనవాళ్ళు 1972 అక్టోబర్ 2న కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీలు కలిపి జేఎన్‌టీయూ పెట్టారు. తమిళనాడు ఆరేళ్ళ తర్వాత అదే పని చేసింది. గిండీతో పాటు 1944లో మొదలైన ఏసీ టెక్ (అళగప్ప చెట్టియార్ టెక్నాలజీ కాలేజీ), క్రోంపేటలో 1949లో మొదలైన ఎంఐటీ (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ), ఆర్కిటెక్చర్ స్కూలు కలిపి కొత్త యూనివర్సిటీ చేశారు. మొదటి ఇరవై ఏళ్ళు బాగానే నడిచింది. సిలబస్ తమదే, పరీక్ష తమదే, కొత్త సబ్జెక్టు పెట్టాలంటే బోర్డు మీటింగ్ చాలు. 2001లో రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కాలేజీలన్నిటినీ అన్నా యూనివర్సిటీ కిందకి తెచ్చారు. వందల కాలేజీలు! 2007లో మోయలేక ప్రాంతాల వారీగా విడగొట్టారు, మళ్ళీ 2012లో కలిపేశారు. మన దగ్గర జేఎన్‌టీయూని 2008లో విడగొట్టారు, అది మళ్ళీ కలవలేదు.

అఫిలియేషన్, అంటే ఇలా కాలేజీలన్నీ ఒక యూనివర్సిటీ కింద ఉండటం, ఎలా ఉంటుందో ఒక్క దృశ్యం చెబుతాను. నేను పనిచేసిన యూనివర్సిటీ పేరు వద్దు. స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో పొద్దున తొమ్మిదికి ఒక కట్ట, మధ్యాహ్నం ఇంకో కట్ట. హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే పేపర్లు ఎగరకుండా మోచేయి అడ్డం పెట్టుకుని దిద్దడం. పక్క టేబుల్ మీద నా సొంత పీహెచ్‌డీ విద్యార్థి థీసిస్ చాప్టరు మూడు వారాలుగా తెరవకుండా పడుంది. ఆ నెలంతా మా లేబులో ప్రయోగాల కాలువ, ఫ్లూమ్‌లో నీళ్ళు పారలేదు. ఎనిమిది మందితో మొదలైన స్కూలు పెరగడం వేరు, కాగితాల మీద కాలేజీలు చేరడం వేరు. రెండోదాన్ని పెరుగుదల అనడానికి నా నోరు రాదు. గిండీ క్యాంపస్ మాత్రం ఆ బరువు కిందా నిలబడింది, ఇప్పటికీ తమిళ పిల్లలు కటాఫ్ చూసి ముందు అక్కడి సీటే పెట్టుకుంటారు.

చివరిగా మీకు పనికొచ్చే మాట. ఆ సర్టిఫికెట్‌ని లామినేట్ చేయించకండి, పాత కాగితం ఉక్కపోసి పాడవుతుంది. యాసిడ్ లేని కాగితం మడతలో పెట్టి, బీరువాలో కర్పూరం బిళ్ళలకి దూరంగా ఉంచండి. వెనక్కి తిప్పి క్లాసు, రిజిస్టర్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఎప్పుడైనా నకలో ధ్రువీకరణో కావాల్సి వస్తే గిండీ వెళ్ళి తిరగకండి, అన్నా యూనివర్సిటీ వాళ్ళు చేయగలిగిందేమీ లేదు. మద్రాస్ యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్ళండి. అది చేపాక్కంలో, బీచ్ రోడ్డు మీద ఉంది. దాని పక్కనే కలస మహల్ కూడా ఉంది, పని అయ్యాక చూసి రండి.